తువ్వాలు కింద మాట

నూజివీడు మామిడి యార్డులో కాయ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడుకుంటారు. ఒక్కో వేలికి ఒక్కో లెక్క. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో పెళ్లిళ్ల గురించో మాట్లాడుకుంటున్నట్టే ఉంటారు. బేరం కుదిరిందా, నాలుగు వేళ్లూ మడిచి, బొటనవేలితో ఎదుటివాడి అరచేతి మధ్యలో గట్టిగా నొక్కుతారు. దాన్ని ముద్ర అంటారు. ముద్ర పడ్డాక గాలివాన వచ్చి తోటంతా రాలిపోయినా సరే, వెనక్కి తిరగకూడదు. తిరిగినవాడి చేతిమీద ఆ యార్డులో మళ్లీ ఎవ్వరూ తువ్వాలు వెయ్యరు.

ఆ యార్డులో ముద్రకి పెట్టింది పేరు సువర్ణరాజు. కమీషన్ కొట్టు వీరయ్య దగ్గర వయసులో ఉన్నప్పటి నుంచీ బేరాలకి అతనే చెయ్యి. "సువర్ణరాజు బొటనవేలు పడిందంటే బ్యాంకులో వేసుకున్నట్టేనయ్యా" అనేవాడు వీరయ్య. జి. కొండూరు రైతులు కాయ తెచ్చి, ముందు సువర్ణరాజు ఉన్నాడో లేడో కనుక్కుని, ఆ తర్వాతే బండి విప్పేవారు.

ఆ కొట్టులోకే ఉంగుటూరు నుంచి ప్రభాకరరావు గుమాస్తాగా వచ్చాడు. చురుకైనవాడే గానీ ఒక్కటే లోపం, అరచేతులకు చెమట. తువ్వాలు కింద చెయ్యి పెట్టగానే తడిసిపోయేది. ఆ తడి తగిలితే చాలు, వీడు భయపడుతున్నాడని ఎదుటివాడికి తెలిసిపోయి, ధర బిగించేసేవాడు. ఎన్ని బేరాలు చెడగొట్టుకున్నాడో లెక్కలేదు. వీరయ్య పొమ్మందామనుకుంటుంటే అడ్డుపడింది సువర్ణరాజే. మధ్యాహ్నం యార్డు ఖాళీ అయ్యాక ఖాళీ పెట్టెల నీడలో కూర్చోబెట్టి, ఆ చెయ్యి తన చేతిలో పెట్టుకుని, ఒక్కో వేలూ పట్టించి నేర్పాడు. చెమటకి మందు కూడా చెప్పాడు. బేరానికి ముందు కాస్త ఊక బూడిద అరచేతుల్లో రుద్దుకోమన్నాడు. అంతే, ఆ చెయ్యి ఎండిపోయింది, ప్రభాకరరావు దశ తిరిగింది. ఆ రోజుల్లో సువర్ణరాజుని నోరారా "గురువుగారూ" అని పిలిచేవాడు.

తర్వాత ప్రభాకరరావు హనుమాన్ జంక్షన్ రోడ్డు మీదున్న మామిడి రసాల కంపెనీలో కొనుగోళ్లకి చేరి, మెట్టు మెట్టూ ఎక్కి మేనేజరయ్యాడు. ఆషామాషీ కంపెనీ కాదు. మద్రాసులో, బొంబాయిలో, విశాఖపట్నంలో ఆఫీసులు, ఓడల మీద పోయే డబ్బాలు. అదే కాలంలో సువర్ణరాజు పెట్టెలు దింపుతుంటే ఒక పెట్టె జారి భుజం మీద పడింది. కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవడం మానేసింది. బరువులు ఎత్తలేక కొట్టు పని మానుకున్నాడు. ప్రభాకరరావే కబురు పెట్టి కంపెనీలో టపా పంచే పని ఇప్పించాడు. అంతవరకూ మంచివాడే, కాదనడానికి లేదు.

కానీ అది సీజను పని. పూత వచ్చినప్పుడు రమ్మంటారు, వానలు పడగానే పొమ్మంటారు. మిగతా నెలలు సువర్ణరాజు ఇంట్లో, అతని భార్య ఇన్నమ్మ నాట్ల ముఠాతో బాపులపాడు పొలాల్లో. మోకాళ్ల దాకా బురదలో వంగి వంగి ఇన్నమ్మ నడుం విల్లయిపోయింది. రాత్రిళ్లు ఆమె మూలుగుతుంటే సువర్ణరాజు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏడాది పొడుగునా ఉండే పని ఒక్కటి దొరికితే, ఇన్నమ్మని ఆ బురదలోంచి బయటికి లాగుతాను ప్రభువా అని అతని ప్రార్థన. ఇంకేమీ అడిగేవాడు కాదు.

ఎనభై ఎనిమిదో సంవత్సరంలో కంపెనీకి కొత్త పిచ్చి పట్టింది. ఊరూరా ఉన్న ఆఫీసులన్నిటికీ కంప్యూటర్లు పెట్టి, టెలిఫోను తీగల మీదే ఉత్తరాలు పంపుకుంటారట. ఫ్యాక్టరీ జనం వాటికి కరెంటు ఉత్తరాలని పేరు పెట్టారు. ఆ ఉత్తరాలన్నీ చేరే పెద్ద యంత్రం నూజివీడులోనే పెడతారట. దానికి ఏర్పాట్లు చెయ్యడానికి హైదరాబాదు నుంచి భారతి అనే ఇంజనీరమ్మ వచ్చింది.

భారతి పని వినడానికి తేలిక, చెయ్యడానికి చచ్చేచావు. ఆ యంత్రంలో ఉత్తరాలు దాచడానికి ఎంత చోటు కావాలో ముందే తేల్చాలి. చోటు అంటే డిస్కులు. అప్పట్లో వాటిది బంగారం ధర, ఆర్డరు పెడితే ఎప్పటికో వస్తాయి. తక్కువ చెబితే సీజను మధ్యలో నిండిపోయి, వచ్చిన ఉత్తరం వచ్చినట్టే వెనక్కి పోతుంది. ఎక్కువ చెబితే ఇంత ఖర్చెందుకని డైరెక్టర్లు మొత్తానికే మంగళం పాడతారు. ఏ ఆఫీసరుని అడిగినా "బోలెడు వస్తాయమ్మా" అంటారు తప్ప ఇంకో ముక్క చెప్పరు. చివరికి ఆమె టపా గదికొచ్చి సువర్ణరాజు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

"రోజుకి సగటున ఎన్ని ఉత్తరాలు వస్తాయండీ?"

"సగటు చూసి గంపలు కొంటే మే నెలలో కాయంతా నేలమీద పోసుకోవాలమ్మా" అన్నాడు సువర్ణరాజు. "పూత మీద ఉన్నప్పుడు ఈ గదిలో ఈగలు తోలుకోవడమే. పిందె పడ్డాక తోటల వాళ్ల బేరాల ఉత్తరాలు మొదలవుతాయి. కలెక్టరు మామిడి కాయ రసానికి దిగిందా, ఇహ చూడు నా సామిరంగా! తలుపు తెరవడానికి లేదు."

భారతి నవ్వి, రాసుకున్నది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. మంచి పిల్ల. తెలియనిది అడిగేది, తెలిసింది విడమర్చి చెప్పేది. ఉత్తరాలు యంత్రంలో పడుంటే ఎలకలు కొట్టవా, నాలుగు వేపమండలు వెయ్యకూడదా అని సువర్ణరాజు అడిగితే కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది గానీ, అందులో ఎగతాళి లేదు. అతనూ ఆమెతో పాటు నవ్వాడు. ఒకే ఉత్తరం పదిమంది ఆఫీసర్లకి వెళ్తుంటుందని అతను చెబితే, అలాంటిది యంత్రంలో ఒక్కటే ఉంచి పదిమందికీ చూపించవచ్చని ఆమెకు తట్టింది. సగం చోటు మిగిలింది. అంత సరదాగా సాగిపోతున్న పని ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"మరి వచ్చిన ఉత్తరాలు బల్లబల్లకీ ఎవరు పట్టుకెళ్తారమ్మా?"

"ఎవరూ అక్కర్లేదండీ. ఎవరి బల్ల మీద వాళ్లకే కనిపిస్తాయి" అనేసి, అన్నాక నాలిక్కరుచుకుంది భారతి.

సువర్ణరాజు లేచి నిలబడ్డాడు. "కూర్చున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి వెర్రివాడంటారమ్మా. గొడ్డలి కూడా నన్నే నూరమంటున్నారా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట అనడానికి అతనికే సిగ్గేసింది.

ఆ రోజు నుంచి ఏమడిగినా "నాకేం తెలుసమ్మా, టపా మోసేవాణ్ణి" అనడం మొదలుపెట్టాడు. సీజను ముగిశాక ఏయే ఉత్తరాలు అవసరపడతాయో, ఏవి పారెయ్యవచ్చో, తగాదాలొస్తే ఎన్నాళ్ల వెనకటి ఉత్తరం వెతకమంటారో అతనికే తెలుసు. అది తెలియకపోతే భారతి లెక్క తెగదు. లెక్క తెగకపోతే ప్రభాకరరావుకి గండం. ఉగాది పండక్కల్లా ప్లాను పంపిస్తానని డైరెక్టర్లకి ఢంకా బజాయించి చెప్పుకున్నాడు మరి.

అప్పుడు మేనేజరుగారు తానే స్వయంగా టపా గదికి దయచేశారు. ఇన్నేళ్లలోనూ ఆ గడప తొక్కని మనిషి! వస్తూనే సువర్ణరాజు భుజం మీది తువ్వాలు తీసి, ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"ఏంటి గురువుగారూ, నా మీద అలిగావంట?" అన్నాడు నవ్వుతూ.

సువర్ణరాజు తువ్వాలు కింద చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గురువుగారూ అన్న పిలుపు విని ఎన్నాళ్లయిందో.

"ఆ యంత్రం గదికి ఏడాది పొడుగునా ఒక మనిషి కావాలి. చల్లగాలి మిషను చూసుకోవాలి, ఉత్తరాల నకళ్లు నిండిన టేపులు తీసి వేరే బిల్డింగులో భద్రం చెయ్యాలి. కూర్చుని చేసే పని. పర్మనెంటు. ఆ కుర్చీ నీది." ఆ మాట అంటూ తువ్వాలు కింద నాలుగు వేళ్లూ మడిచి, బొటనవేలితో సువర్ణరాజు అరచేతి మధ్యలో నొక్కాడు ప్రభాకరరావు.

ముద్ర. ఆ చెయ్యి పొడిగా ఉంది. ఎక్కడా చెమట లేదు. అబద్ధమాడేవాడి చెయ్యి అలా ఉండదని సువర్ణరాజు నమ్మాడు.

మర్నాడే భారతి దగ్గరికెళ్లి, తనకు తెలిసిందంతా కుప్ప పోసినట్టు చెప్పాడు. ఏ ఉత్తరం ఎన్నాళ్లు దగ్గరుంచాలి, ఏది అటక మీదికి పంపాలి, ఏది తగలెయ్యవచ్చు, అన్నీ. గంప నిండా కాయ పోస్తే అడుగు కాయ నలిగిపోతుందమ్మా, పైన జానెడు వదులు అన్నాడు. ఆమె ఆ జానెడు చోటు కూడా ప్లానులో వేసుకుంది. ఆ యంత్రం గదికి తనే మనిషినని అతను చెబితే సంతోషపడి, వెంటనే అడిగింది.

"ఆర్డరు కాగితం ఇచ్చారా?"

"కాగితం ఎందుకమ్మా? ముద్ర వేశాడు."

"ముద్రా? ఎక్కడ?"

సువర్ణరాజు అరచెయ్యి చాపి చూపించాడు. భారతి ఆ ఖాళీ చేతినీ, అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "నా మాట వినండి సువర్ణరాజు గారూ, ఒక్క ముక్క రాయించుకోండి" అంది.

"మీకు తెలీదమ్మా. మా యార్డులో ముద్ర పడ్డాక కాగితం అడగడమంటే మొహాన ఉమ్మేసినట్టు. ప్రభాకరరావు మా యార్డు మనిషి" అన్నాడు సువర్ణరాజు.

ఇంటికొచ్చి ఇన్నమ్మకు చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, నాట్ల ముఠా మేస్త్రీ ఇంటికి నడిచి వెళ్లి, ఈ ఏడు నుంచి తన చోట ఇంకెవరినైనా పెట్టుకోమని చెప్పి వచ్చింది. వచ్చేటప్పుడు ఆ నడుం కాస్త నిటారుగా ఉన్నట్టు అనిపించింది సువర్ణరాజుకి. ఆ రాత్రి అతను గోడవైపు తిరగలేదు.

ప్లాను వెళ్లింది, ఆమోదమైంది. ఆ సీజను ముగిసి వానలు మొదలయ్యాక యంత్రం దిగింది. ప్రారంభానికి పంతులుగారిని పిలిచారు. యంత్రానికి పసుపూ కుంకుమా అద్ది, గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టారు. సువర్ణరాజు ఉతికిన చొక్కా వేసుకుని, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు. అద్దాల తలుపులోంచి చూస్తే లోపల కుర్చీలో అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ప్రభాకరరావు బావమరిది. కాలు మీద కాలేసుకుని, చల్లగాలి మొహానికి తగిలేలా కుర్చీ సర్దుకుంటున్నాడు.

ఎవరో చూడ్డానికి వచ్చి కూర్చున్నాడేమో అనుకున్నాడు సువర్ణరాజు. పాపం, అంత దూరం వచ్చాక కూడా అతనికి అనుమానం రాలేదు. టైమాఫీసు గుమాస్తా పిలిచి, టపా గది మూసేస్తున్నారనీ, వచ్చే సీజనుకి రానక్కర్లేదనీ చెప్పాకే సంగతి అర్థమైంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! అతని చేతే చోటంతా లెక్క కట్టించుకుని, ఆ చోటులోంచి అతన్నే గెంటేశారు.

ప్రభాకరరావు గది ముందు చాలాసేపు నిలబెట్టాకే లోపలికి రమ్మన్నారు.

"సార్, మీరు నాకు మాటిచ్చారు" అన్నాడు సువర్ణరాజు.

"ఏ మాట? ఎవరి ముందు?"

"తువ్వాలు కింద సార్. ముద్ర వేశారు."

ప్రభాకరరావు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఇదేవన్నా కాయల బేరం అనుకున్నావా సువర్ణరాజూ? ఇది కంపెనీ. ఇక్కడ పోస్టుకి చదువుండాలి, రూల్సుంటాయి. ఏదో పాత చనువు కొద్దీ చెయ్యి పట్టుకుని పలకరిస్తే పోస్టు రాసిచ్చినట్టేనా?"

"పలకరించడం కాదు సార్. బొటనవేలితో నొక్కారు. ఏ చేత్తో నొక్కారో ఆ చెయ్యి బల్ల మీద పెట్టి, నొక్కలేదని చెప్పండి. వెళ్లిపోతాను."

బల్ల మీదున్న కుడి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు ప్రభాకరరావు. "నాకు పనుంది" అన్నాడు. అంతే.

గేటు దగ్గరికి భారతి పరుగెత్తుకుంటూ వచ్చింది. తను అడిగాననీ, గట్టిగానే అడిగాననీ, తన మాట ఎవరూ లెక్కచెయ్యలేదనీ చెప్పింది. "మీరు చెప్పారమ్మా కాగితం రాయించుకోమని" అన్నాడు సువర్ణరాజు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేద్దామనుకున్నాడు గానీ భుజం లేవలేదు.

ఇన్నమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగు బిగించి మేస్త్రీ ఇంటికి వెళ్లింది. అప్పటికే ఆమె చోటులో వేరే ఆడమనిషి దిగిపోయింది. ఇహ ముఠా లేక, ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి, ఇచ్చినంత పుచ్చుకుని, ఇంకా దూరం పొలాలకి నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం బురద కాళ్లతో ఆమె గడపలోకి వస్తుంటే సువర్ణరాజు తన అరచెయ్యి వంక చూసుకునేవాడు. ఎంత కడుక్కున్నా ఆ బొటనవేలు అక్కడే నొక్కుతున్నట్టు ఉండేది. మోసపోవడం అతనికి కొత్త కాదు. బేరాల్లో మోసపోయాడు, తూకాల్లో మోసపోయాడు. కానీ ముద్రలో మోసపోతానని కలలో కూడా అనుకోలేదు.

మళ్లీ కాయ వచ్చింది. వీరయ్యే పిలిచి, బరువులు మొయ్యలేకపోతే మానెయ్, సీజనంతా బేరాలకి నిలబడు చాలన్నాడు. సువర్ణరాజు పాత చోటికే చేరాడు. కలెక్టరు కాయ దండిగా దిగిన రోజున, కంపెనీ జీపు యార్డులో ఆగింది. కొనుగోళ్ల మనిషికి జ్వరమట, మేనేజరుగారే వచ్చారు. ఏ కొట్టులో మంచి కాయ ఉందో ఆ కళ్లకి ఇంకా తెలుసు. నేరుగా వీరయ్య కొట్టు ముందుకే వచ్చాడు.

"ఏం గురువుగారూ, కులాసాయేనా?" అంటూ, ఏమీ జరగనట్టు తువ్వాలు కోసం చెయ్యి చాపాడు ప్రభాకరరావు.

యార్డు యార్డంతా ఇటే చూస్తోంది. సువర్ణరాజు తువ్వాలు తీశాడు. విప్పబోతూ, చాపిన ఆ చేతిని చూశాడు. వేళ్ల సందుల్లో బూడిద. సన్నటి ఊక బూడిద, తెల్లగా. మేనేజరయ్యాడు, జీపెక్కాడు, సూట్ కుట్టించుకున్నాడు, చెమట మాత్రం పోలేదు. ఇన్నేళ్లుగా తను చెప్పిన మందే రుద్దుకుంటున్నాడు. అయితే ఆ రోజు టపా గదికి వచ్చేముందు కూడా రుద్దుకునే వచ్చాడన్నమాట! తను నిజమని నమ్మిన ఆ పొడి చెయ్యి, తను నేర్పిన పొడి చెయ్యేనన్నమాట.

సువర్ణరాజు తువ్వాలు మడిచి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"ధర నోటితో చెప్పండి సార్" అన్నాడు.

యార్డులో అంతకంటే పెద్ద తిట్టు లేదు. గంపలు దింపుతున్న వాళ్లు దింపడం ఆపేశారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వీరయ్య లేచి నిలబడ్డాడు.

"ఏంటిది గురువుగారూ, నలుగురిలో?" అన్నాడు ప్రభాకరరావు గొంతు తగ్గించి.

"నలుగురూ వినాలనే సార్. ఎవరూ వినకుండా మీరు చెప్పింది ఒకసారి విన్నాను."

ప్రభాకరరావు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గిర్రున తిరిగి పక్క కొట్టుకి వెళ్లాడు. అక్కడి ముసలాయన కాయ చూపించాడు, కుర్చీ వేయించాడు, మర్యాదలన్నీ చేశాడు. బేరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన తువ్వాలూ భుజం దిగలేదు. ఆ పక్క కొట్టులోనూ అంతే. జీపు ఖాళీగా వెళ్లిపోయింది. మర్నాడు కంపెనీ వేరే మనిషిని పంపించి కాయ కొనుక్కుంది. పెద్ద కంపెనీ, దానికేం పోయింది?

ఆ కబురు సువర్ణరాజు కంటే ముందే ఇల్లు చేరింది. ఇన్నమ్మ కాళ్లు కడుక్కుని, గడపలో కూర్చుని, మొదటిసారి ఆ సంగతి ఎత్తింది. "ఇప్పటికన్నా నీ కడుపు చల్లబడిందా?"

"లేదే" అన్నాడు సువర్ణరాజు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, కుడి అరచేతిని ఎడమ చేత్తో రుద్దుకున్నాడు. "వాడు అబద్ధమాడాడని కాదే నా ఏడుపు. అబద్ధమాడేటప్పుడు చెయ్యి తడవకుండా ఉంచుకోవడం నేనే నేర్పాను."